క్రౌను పళ్ళ మీద పసుపు

మా వియ్యంకుడు పోయినాడు. తమిళోళ్ళ ఆడి నెల దాటిన వారంలో, రాత్రి రాగిముద్ద, శెనక్కాయల చట్నీ కడుపునిండా తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. ఈ మాట చెప్తా ఉండేది నేను, మునెమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో మా అమ్మ ఉంటే ఆమెకూ తెలిసేది కాదు. పుట్టింది ఏరియూరు, ఉండేది తమిళనాడు ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు పక్కన, కొడుకు, కోడలు, మనవరాలితో. మొగుడు పోయి చానా కాలమైంది. ఇండ్లు కట్టే చోట సిమెంటు తట్టలు మోసి కొడుకును పెంచినాను. నాకు చదువు రాదు. రాస్తా ఉండేది మా చెల్లెలి కూతురు, హోసూరు పక్క తెలుగు బడిలో చదివిన పిల్ల. నా మాటకు రంగులు పూయొద్దే అని ముందే చెప్పినాను. పూస్తే చదివి వినిపించేటప్పుడు నాకు తెలిసిపోతుంది.

మన తెలుగు సంఘం సంచికలో పోయినవాళ్ళ గురించి వేస్తారంట. వేయండి. ఊర్లో రెండు మాటలు తిరుగుతా ఉన్నాయి. ఒకటి, మా వియ్యంకుడు ముసలితనంలో డబ్బున్న పిల్లోళ్ళ వేగం కార్లకు ఊడిగం చేసి కాలం పోగొట్టుకున్నాడని. రెండోది, ఆయన పోయినాక ఈ మునెమ్మ నోరు పెట్టుకుని ఆయన షెడ్డును ఎత్తుకుపోయిందని. రెండూ అబద్ధం. ఎట్లా అబద్ధమో చెప్తాను, వినండి.

ఆయన మొదట లారీల మెకానిక్కు. హరూర్ రోడ్డు, సేలం రోడ్డు, ఎక్కడ లారీ వెనక ఇరుసు మొరాయించినా ఈయన్నే పిలిచేవాళ్ళు. తర్వాత తర్వాత బెంగుళూరు నుంచి కార్లు రావడం మొదలైంది. నేలకు ఆనుకుని ఉండేవి, పిల్లి మాదిరి గుర్రుమనేవి. ఎవరో ఒకరి ఇరుసు బాగు చేసి పంపితే ఆ పిల్లోడు ఇంకొకరికి చెప్పినాడు. అంతే, షెడ్డు ముందర లారీలకు చోటు లేకపోయింది.

నా కొడుక్కి ఆయన కూతురిని చేసుకున్న కొత్తల్లో ఒకనాడు మధ్యాహ్నం ఆయనకు అన్నం తీసుకుని షెడ్డుకు పోయినాను. బల్ల మీద దోసె పెనమంత ఇనప చక్రం, చుట్టూ పళ్ళు. దాన్ని క్రౌను అంటారు. ఆ పళ్ళకు నిండా పసుపు పూసి ఉంది. నాకేం తెలుసు? కొత్త సామానుకు పూజ చేస్తా ఉన్నారనుకున్నాను. పక్కన గోడకు అమ్మోరి పటం, దాని ముందర కుంకుమ భరిణె. వేలితో తీసి ఒక పంటికి బొట్టు పెట్టి, కండ్లు మూసుకుని దండం పెట్టుకున్నాను. కండ్లు తెరిస్తే షెడ్డులో అందరూ నా చేతినే చూస్తా ఉన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, నేను మొగుడు లేని దాన్ని కదా. ఇంకొకరి కొత్త సామానుకు బొట్టు పెట్టే చెయ్యా ఇది? చెయ్యి కొంగులో దాచుకున్నాను.

ఆయన నవ్వడం మొదలుపెట్టినాడు. నవ్వీ నవ్వీ టైరు మీద కూలబడినాడు.

"అక్కా, ఇది పూజ కాదక్కా, పరీక్ష! పసుపు ఆముదంలో కలిపి పళ్ళకు పూసి చక్రం తిప్పితే, ఎదురుగా ఉండే చిన్న పళ్ళచక్రం, పినియను, ఎక్కడ రాసుకుంటాదో అక్కడ పసుపు పోయి ఇనుము కనపడతాది. ఆ గురుతు పంటి మధ్యలో పడితే మంచిది. అంచున పడితే నాలుగు రోజుల్లో పళ్ళు రాలిపోతాయి. ఇప్పుడు నీ బొట్టు పడింది మధ్యలో. నేనేం చూడాల?"

"మరి పసుపెందుకు పూస్తావయ్యా? ఇంకేం రంగు దొరకలేదా?"

"అంగట్లో కొనే రంగు ఉంది. దానికంటే ఇది బాగా కనపడతాది, చేతికీ మంచిది."

అంతా కడిగి మళ్ళీ పూసినాడు. నేను తలొంచుకుని అన్నం గిన్నె పెట్టి లేస్తా ఉంటే పిలిచినాడు. "యాడికి పోతావు? పని అయినాక మూత బిగిస్తాను. ఆ మూతకు పెట్టు నీ బొట్టు."

"నేనా?"

"నువ్వే. అన్ని అంతస్తులు తట్ట మోసిన చెయ్యి. ఏదీ జారనీయదు."

ఆ రోజు నుంచి ఆ షెడ్డులో ఏ ఇరుసు మూత బిగించినా బొట్టు నాదే. ఒకసారి సేలం నుంచి వచ్చిన పెద్దమనిషి, నా నుదురు చూసి, ఇంకెవరైనా ముత్తైదువ లేదా అన్నాడు. మా వియ్యంకుడు చేతులు పాత పంచె గుడ్డతో తుడుచుకుంటా, గొంతు పెంచకుండానే అన్నాడు: "ఈ బొట్టు వద్దంటే చెప్పు సార్, నా పని కూడా విప్పి ఇచ్చేస్తాను." ఆ మనిషి సరే, పెట్టమను అన్నాడు. ఇంతమంది బంధువులున్నారు, నా తరఫున అట్లా అడ్డం నిలబడినోడు ఆయనొక్కడే. నేను మరిచిపోయే దాన్ని కాదు.

ఆ ఇరుసు మధ్యలో ఉండేదాన్ని డిఫరెన్షియల్ అంటారు. నోరు తిరగదు, అయినా నేర్చుకున్నాను. ఏమిటికి అది అని అడిగితే నాకు అర్థమయ్యేటట్టు చెప్పినాడు. "కళ్ళంలో బంతి కట్టి ఎద్దుల్ని తిప్పేది చూసినావు కదా అక్కా. గుంజ పక్కన ఎద్దు నిదానంగా నడుస్తాది, బయట ఎద్దు ఎక్కువ దూరం నడవాల. కారు మలుపు తిరిగేటప్పుడు రెండు వెనక చక్రాలూ అంతే. లోపలిది తక్కువ, బయటిది ఎక్కువ. వాటి మధ్యన సర్దుబాటు చేసేది ఇది."

"మరి సర్దుబాటు చేస్తా ఉంటే ఈ పిల్లోళ్ళు ఎందుకు మార్పిస్తా ఉన్నారు?"

"ఇది మరీ మంచిదక్కా, అదే దీని జబ్బు. ఒక చక్రం జారితే, సరే నువ్వే తిరుగు అని బలమంతా దానికే వదిలేస్తాది. జారేది వట్టిగా తిరిగి పొగ లేస్తాది, నేల పట్టుకున్నది నిద్రపోతాది. నేను పెట్టేదాంట్లో పలకలుంటాయి. ఒకటి జారిందంటే అవి బిగిసి, ఇంకోదాన్ని కూడా లాక్కుని పోతాయి."

"నా కోడలి మాదిరి," అన్నాను.

"నా కూతురి మాదిరని చెప్పక్కా!" అన్నాడు. వియ్యంకుల మధ్యన ఆ మాత్రం ఉంటుంది. నీ నోటికి కూడా ఒకటి బిగించాలక్కా అనేవాడు. ముందు నీ పొట్టకు బిగించుకోరా తమ్ముడా, మలుపులో అదే ముందర పోతా ఉంది అనేదాన్ని.

వేగం పిచ్చి పిల్లోళ్ళకు ఊడిగం చేసినాడని అనేవాళ్ళు ఇది వినండి. ఇంజను బలం పెంచుకుని వచ్చినోడి కారు ముట్టుకునే ముందు బ్రేకులు చూసేవాడు, టైర్లు చూసేవాడు. అవి బాగలేకుంటే ఇరుసు విప్పడు. "బలం కంప్యూటరులో ఎవడైనా పెంచుతాడు. దాన్ని నేలకు దించేదే నా పని, బండిని నిలబెట్టేది నీ పని" అని చెప్పేవాడు. రోడ్డు మీద పందెం అన్నోణ్ణి టీ కూడా తాగనీయకుండా పంపించేసినాడు. పాత ఇరుసు నూనె దించితే ముందు వాసన చూసేవాడు, మేము చారు వాసన చూసినట్టు. మాడిన వాసన వస్తే, ఆ పిల్లోడు ఎట్లా నడిపినాడో మొహం మీదే చెప్పేవాడు. వాళ్ళు సిగ్గుపడి నవ్వేవాళ్ళు. మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఇక నా కోడలు. చిన్నప్పటి నుంచి ఆ షెడ్డులోనే పెరిగింది. పెండ్లయినాక నేనే పొమ్మన్నాను, ఇంట్లో నా మొహం చూస్తా కూచుంటే ఏమొస్తుందని. ఆయనకు కండ్లలో పొర కమ్మినప్పటి నుంచి పసుపు గురుతు చదివేది ఆ పిల్లే. షిమ్ములని కాగితం మందం రేకులుంటాయి, పినియను వెనక పెట్టేవి. ఏ రేకు తీయాల, ఏది పెట్టాల, ఆ పిల్ల చెప్తే ఆయన తలూపేవాడు. లోపల గదిలో జరిగేది కాబట్టి బయట ఎవరికీ తెలియదు. అందరూ ఆయన పనే అనుకున్నారు.

చివరగా వచ్చింది ఒక నీలం కారు. బెంగుళూరులో కంప్యూటరు పని చేసే పిల్లోడిది. ఆదివారాలు మద్రాసు దగ్గర రేసు మైదానంలో నడుపుతాడంట. ఇంజను బలానికి టర్బో పెద్దది పెట్టించినాడు, ఇంజను కంప్యూటరు మార్పించినాడు. వచ్చిన రోజు మా వియ్యంకుడు షెడ్డు ముందర మట్టిలో నిలిపి ఒకసారి గట్టిగా తొక్కమన్నాడు. దుమ్ము అణిగినాక నన్ను పిలిచి చూపించినాడు. మట్టిలో ఒకటే గీత.

"చూసినావా అక్కా, ఒక చక్రమే గీకింది. ఇంకోటి అడుగు మాత్రం వేసింది. దీన్ని నిద్ర లేపాల."

పాత ఇరుసు విప్పినారు. పలకలున్న కొత్త సామాను వచ్చింది. క్రౌను దానికి బిగించినారు. ఆ రాత్రే ఆయన పోయినాడు.

కర్మ రోజు, భోజనాలయినాక, ఆయన అన్న కొడుకు మాట ఎత్తినాడు. మంచి పిల్లోడే, చెడ్డోడని నేను అనను. షెడ్డు మూసేద్దాం, సామాను అమ్మేద్దాం, ఆ చోటు కార్లు కడిగేవాళ్ళకు బాడుగకిద్దాం అన్నాడు. పెద్దోళ్ళు తలలూపినారు. తాళంచెవి మా మరదలి నడుముకు ఉంది. ఆయన భార్య. గోడకు ఆనుకుని కూచుంది, నుదురు తుడిచేసినారు, ఎవరి వైపూ చూడదు. నా కోడలు గడప దగ్గర నిలబడి పెదవి కొరుకుతా ఉంది. తండ్రి పోయిన దుఃఖం మీద, చేతిలో పని కూడా పోతా ఉంది.

"షెడ్డు మూసేది లేదు. నా కోడలు నడుపుతాది," అన్నాను.

"అత్తా, ఆడపిల్ల కారు కింద పడుకుని ఇరుసు విప్పుతా ఉంటే నలుగురూ ఏమంటారు?"

"నేను కట్టే గోడ పక్కన సారువ కట్టెల మీద నిలబడి తట్ట అందిస్తా ఉంటే ఆ నలుగురూ ఏమన్నారో నాకు తెలుసులేరా. కట్టిన ఇంట్లో సుఖంగా ఉన్నారు."

"అది వేరే అత్తా. ఇవి లక్షల బండ్లు. చిన్నాయన చెయ్యి వేరే. తప్పు జరిగితే ఆయన పేరు పోతాది."

ఆ మాట నిజమే. అందుకే నాకు కోపం ఆగిపోయింది. "సరే. ఆ నీలం కారు విప్పి ఉంది కదా, దాన్ని ఈ పిల్ల మూయనీ. నువ్వు దగ్గరుండి చూడు. గురుతు మధ్యలో పడకపోతే నేనే తాళం వేసి వస్తాను," అన్నాను. మా మరదలు తలెత్తి మొదటిసారి నా వైపు చూసింది.

మర్నాడు పొద్దున్నే అందరం పోయినాం. ఆ కారు పిల్లోడు కూడా వచ్చినాడు. తొందర పెట్టలేదు, చెప్పులు బయట విడిచి నిలబడినాడు. నా కోడలు పసుపు ఆముదంలో కలిపి, పళ్ళకు పూసి, తిప్పింది. గురుతు పంటి అంచున పడింది.

"చూసినారా," అన్నాడు అన్న కొడుకు. మెల్లిగానే అన్నాడు, అయినా షెడ్డంతా వినపడింది.

నేను కోడలి వైపు చూసినాను. ఆ పిల్ల మాత్రం నా వైపు కూడా చూడలేదు. "కొత్త బేరింగులు వేసినాం కదన్నా, మొదటిసారి అట్లాగే పడతాది. మళ్ళీ విప్పాల," అనింది. విప్పింది. రేకు మార్చింది. కడిగింది, పూసింది, తిప్పింది. కొంచెం లోపలికి వచ్చింది. మళ్ళీ విప్పింది. వాళ్ళ నాయన మాదిరే నాలుక కొన పండ్ల మధ్య పెట్టుకుని, విసుగు లేకుండా. అన్న కొడుకు గోడకు ఆనుకుని ఉన్నోడు మెల్లిగా దగ్గరికి వచ్చినాడు, తర్వాత దీపం పట్టుకున్నాడు, తర్వాత తనే క్రౌను తిప్పినాడు.

"మధ్యలో పడింది," అని చెప్పింది వాడే. "అత్తా, రా, చూడు. పంటి మధ్యలో!"

మూత బిగించినారు. కుంకుమ భరిణె నా చేతికి ఇచ్చినారు. నేను పెట్టలేదు. తీసుకుపోయి మా మరదలి ముందర పెట్టినాను.

"నేనా వదినా?" అనింది.

"నువ్వే. నీ మొగుడు నన్ను పెట్టమన్నప్పుడు నేనూ ఇట్లాగే అడిగినాను."

ఎవరూ అడ్డం చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. ఆమె వంగి, ఆ ఇనప మూతకు బొట్టు పెట్టింది. నిలబడి నడుముకు ఉన్న తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టింది. నేను ఎత్తుకుపోయినది ఏమీ లేదు. ఇచ్చింది ఆమె, తీసుకున్నది ఆమె కూతురు.

సాయంత్రం కారు కింద బిగించి నూనె పోసినాక, ఆ బెంగుళూరు పిల్లోణ్ణి నా కోడలు అదే మట్టిలో నిలిపి తొక్కమనింది. దుమ్ము లేచింది. కారు పెన్నాగరం రోడ్డెక్కి మలుపు తిరిగిపోయింది. మేము దుమ్ము అణిగేదాకా నిలబడినాం. మట్టిలో రెండు గీతలు. పక్కపక్కన, ఒకే లోతున, రోడ్డు దాకా. మనవరాలు చీపురు తీసుకుని వస్తా ఉంటే, ఉండనీవే, వాన వచ్చి తుడుచుకుపోనీ అన్నాను. వాన ఇంకా రాలేదు.

నేను చెప్పింది ఇంతే. చదివి వినిపించినారు, అంతా నా మాటే. వేలిముద్ర వేయడానికి ఇంకు పెట్టె తెమ్మంటే షెడ్డులో లేదు. చిప్పలో మిగిలిన పసుపు ఆముదంలోనే అద్ది వేసినాను. మధ్యలోనే పడింది, చూసుకోండి.

మునెమ్మ వేలిముద్ర

చూసినవాళ్ళు:
గోవిందమ్మ, మునెమ్మ చెల్లెలి కూతురు, ఇది రాసినది
నాగరాజు, మునెమ్మ వియ్యంకుడి అన్న కొడుకు
లక్ష్మమ్మ, మునెమ్మ వియ్యంకుడి భార్య, ఆమె కూడా వేలిముద్రే, అదే పసుపుతో