బాపు వేసే రౌండ్లు

మా పాప ‘రౌండ్’ అనే ఇంగ్లీషు మాటకు అర్థాలు వల్లె వేస్తోంది. గుండ్రం, చుట్టూ, గస్తీ. ఇన్నేళ్లయినా ఆ మాట వింటే నా చెవులు వేడెక్కుతాయి.

బోధన్ దగ్గర మాకు చెరుకు చేను ఉండేది. రోజూ పొద్దుగూకాక బాపు బయటికి పోయి వచ్చేవాడు. "గియ్యాల ఎన్ని రౌండ్లేసినవ్?" అని అమ్మ కోపంగా అడిగేది. "రెండే" అని ఆయన తల వంచుకునేవాడు. అడవి పందులు పడకుండా చేను చుట్టూ తిరిగి వస్తున్నాడనుకునేదాన్ని. అంత కష్టపడే మనిషి మీద అమ్మకు కోపమెందుకో తెలిసేది కాదు.

నాలుగో తరగతిలో సారు ‘రౌండ్’ మాటతో ఒక వాక్యం చెప్పమన్నారు. అందరికంటే ముందు నేనే లేచాను.

"మా బాపు రోజు రెండు రౌండ్లు ఏస్తడు సార్!"

క్లాసంతా ఘొల్లుమంది. సారు కూడా నవ్వాపుకోలేకపోయారు. "మీ బాపు తాగుతడని సెప్పినవే" అని పక్క పిల్ల నా చెవిలో అంది.

సాయంత్రం నన్ను తీసుకెళ్లడానికి బాపు సైకిల్ మీద వచ్చేసరికి, బడి గేటు దగ్గర పిల్లలు "రెండు రౌండ్లు!" అని అరిచారు. ఆయనకు అర్థమైంది. దారిలో నేనే ఏడుస్తూ, "నువ్వు సేను సుట్టు తిరుగుతున్నవనుకున్న బాపు" అన్నాను.

సైకిల్ ఆపి నా కళ్లు తుడిచాడు. "నువ్వనుకున్నదే మంచిగున్నది బిడ్డా."

తాగుడు మాత్రం మానలేదు. మర్నాటి నుంచి బడి గేటు దాకా రాకుండా, దూరంగా మలుపు దగ్గరే నిలబడేవాడు. అప్పుడు నాకది హాయిగా అనిపించింది. ఆ హాయి గుర్తొస్తేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది.