షెడ్డు గ్రూపులో పడిన కథ

మా కడప ఎండలకు కోళ్లు ఉడికిన గుడ్లే పెడతాయని నేను చెబితే, సౌదీలో హుఫూఫ్‌లోని మా ఖర్జూరం షెడ్డులో అందరూ నవ్వారు, ఒక్క పాకిస్తానీ తప్ప. "మా ముల్తాన్‌లో ఉప్పూ మిరియాలూ కూడా కోడే తెచ్చుకుంటుంది" అన్నాడు తాపీగా. ఆ వారమే నా గదిలోకి మారాడు.

ఇక్కడ లారీ డ్రైవరు. వాళ్ల దేశంలో మాత్రం రచయిత, కథల పుస్తకాలు అచ్చయినవాడు. కాగితం మీద రాయగా నేనెప్పుడూ చూడలేదు. బండి తోలుతూ ఫోన్లో కథ చెప్పి రికార్డు చేస్తాడు. ముక్కలు ముక్కలుగా ఇంటికి పంపుతాడు. అక్కడ భార్య విని రాసిపెడుతుంది, నచ్చకపోతే తిట్టి మళ్లీ చెప్పమంటుంది.

ఒక ఉదయం అలాంటి ముక్కొకటి ఇంటికి పోకుండా షెడ్డు వాట్సాప్ గ్రూపులో పడింది. "ఈ రోజు ధహ్రాన్‌లో సరుకు దించి, తాళం బండిలోనే వదిలేసి పోతాను. ఇక ఈ కఫీలు మొహం చూడను." కథలో డ్రైవరు తన కఫీలు గురించి, అంటే వీసా ఇచ్చిన యజమాని గురించి, అనుకునే మాటలవి. దరిద్రం ఏమిటంటే, ఆ రోజు ధహ్రాన్ లోడు నిజంగానే ఇతనిది.

హైదరాబాదు సూపర్‌వైజరు తాళం లాక్కుని మా ఇద్దర్నీ పిలిచాడు. "కఫీలు ఇప్పుడో ఇంకాసేపట్లోనో వస్తడు. ఇది ఇన్నడంటే ఎగ్జిట్ కొట్టిచ్చి విమానమెక్కిస్తడు. ఇది కథేనా?"

"కథే భాయ్, నా మీద ఒట్టు. పూచీ నాది" అన్నాను.

"నీ మాట నమ్మాల్నా? ఉడికిన గుడ్ల కోళ్లోనివి నువ్వు!"

గేటు దగ్గర ఏ కారు చప్పుడైనా కఫీలే అనుకుని అటు చూస్తున్నాను. కథయితే తర్వాత ఏమవుతుందో చెప్పమని సూపర్‌వైజరు ఉర్దూలో అడిగాడు. నాకు అలవాటైన పనే కదా అని అందుకున్నాను. డ్రైవరుకు కఫీలు పెట్టిన కబ్సా అన్నం గుర్తొస్తుంది, ఏడుస్తూ వెనక్కొస్తాడు, కఫీలు కౌగిలించుకుంటాడు, పక్కనున్న ఒంటె కూడా కన్నీళ్లు...

"ఛీ, ఆపు! ఎక్కడి ఒంటె?" అని అరిచాడు పాకిస్తానీ. "వాడు రాడు. చచ్చినా రాడు. వస్తే అదేం కథ?"

నేను కళ్లతో సైగ చేస్తున్నా ఆగలేదు. "వాణ్ని వెనక్కి రప్పిస్తే మా ఆవిడ రాయను పొమ్మంటుంది!"

సూపర్‌వైజరుకు నవ్వొచ్చింది. "పారిపోయెటోడు కథ కోసం గిట్ల కొట్లాడడు" అని నాతో తెలుగులో అని, గ్రూపులోంచి ఆ ముక్క తీయించి తాళం ఇచ్చేశాడు.

లారీ గేటు దాటాక నాకు కొత్త గుబులు పట్టుకుంది. రాడు అని అంత గట్టిగా ఎందుకన్నాడు? పూచీ పడింది నేను. ఖర్జూరాలు ఏరుతూ పుచ్చువాటిని మంచి పెట్టెలో వేశాను. మాటిమాటికీ బయటికి పోయి రోడ్డు చూశాను.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వేళకు లారీ వచ్చింది. దిగుతూనే చాయ్ ఉందా అని అడిగాడు. ఏమిటలా ఉన్నావన్నాడు. ఏ అబద్ధానికీ నాలుక తిరగలేదు.

"నువ్వు రావేమోనని భయపడ్డాను" అన్నాను.

"నేనూ" అన్నాడు, తాళం నా చేతిలో పెడుతూ.