తూము దగ్గర రాసిన పేరు

రూపనగుడి ఊరి కాలువ కాపలా డ్యూటీ పడిందని నాకు మొదట చెప్పింది మా వంట హవల్దారు. రెండు నిమ్మకాయ ఊరగాయ పొట్లాలు చేతిలో పెట్టి పంపాడు. ఆయన చల్లగా ఉండాలి.

ఉదయం ఆరున్నరకు ట్రక్కు దిగాం. నల్లరేగడి, వరిమళ్లు, కాలువ గట్టు. నీళ్ల గొడవలు ముదిరిన ఏడు అది. నలుగురం (ఆడదాన్ని నేనొక్కదాన్నే), నాలుగు రైఫిళ్లు, ఒక రేడియో, ఒక కాపలా తుపాకీ యంత్రం. ఆర్డరు ఇది: పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా తూముకు ఇరవై అడుగుల్లోపు ఎవరొచ్చినా యంత్రమే కాలుస్తుంది. మనం అడ్డు పోకూడదు.

ఆ ఊళ్లలో ఒక కట్టుబాటు ఉంది. తనంతట తాను పనిచేసే యంత్రం ఊళ్లోకి రావాలంటే ఒక మనిషి పూచీ పడాలి. ఆ మనిషి పేరు దాని మీద ఎర్రరంగుతో రాస్తారు. అది చేసే తప్పు ఇక ఆ మనిషిదే. మందు కొట్టే డ్రోన్ల మీదా, నాట్లేసే బండ్ల మీదా పేర్లు చూశాను.

కూలికి పోతున్న నాగమ్మ అనే ఆవిడ మా యంత్రానికి అడ్డంగా నిలబడింది. దీనికి పూచీ ఎవరని అడిగింది. సైన్యమే పూచీ అని మా సుబేదారు నవ్వాడు.

"సుమ్నే ఉత్త మాటలొద్దప్పా. సైన్యమంటే యెవురు? మొగం సూపీ."

ఊరివాళ్లు తెచ్చిన ఎర్రరంగు డబ్బా నేను తీసుకున్నాను. నాన్న ఇంట్లో దిద్దించిన అక్షరాలతో, దేవుడికి దండం పెట్టుకుని, నా పేరు రాశాను. సుబేదారుకు అదొక వేళాకోళం.

పదకొండో రోజు, మధ్యాహ్నం ఒకటిన్నర. గుర్రపుడెక్క మొక్కలు అడ్డంపడి తూములో నీళ్లు ఆగాయి. నాగమ్మ కొడవలి పట్టుకుని నేరుగా వచ్చేసింది. పోవద్దని పొద్దున ఊరంతా చాటాం. కానీ పేరున్న యంత్రం మనిషిని కాల్చదని ఆమె నమ్మకం. ఆ పేరు రాసింది నేనే.

యంత్రం ఆమె వైపు తిరిగింది. ఎర్రదీపం వెలిగింది. పది సెకన్ల లెక్క మొదలైంది. నేను పోయి తుపాకీ గొట్టానికి ఎదురుగా నిలబడ్డాను.

క్యాంపులో తెర మీద చూస్తున్న సుబేదారు రేడియోలో: "పక్కకు జరుగు. ఆర్డరు."

"జరగను సార్. పేరు నాది."

"నిన్నూ కాలుస్తుంది."

"కాల్చనీ సార్."

మూడు దగ్గర లెక్క ఆగింది. నా యూనిఫాం గుర్తుపట్టి ఆగిందని తర్వాత అన్నారు. నేను స్వామి దయ అంటాను. బ్యాటరీ తీగ పీకేశాను.

విచారణలో తప్పు ఒప్పుకోమన్నారు. ఒప్పుకోలేదు. ఇవాళ పిలిచి అడిగినా ఒప్పుకోను. యూనిఫాం తీసుకుని ఇంటికి పంపారు.

ఇంటికొచ్చి ఏళ్లయింది. కళ్లు మూసుకుంటే ఒకటే కనబడుతుంది. తీగ నా చేతిలో ఉంది, వెనక్కి తిరిగాను. మోకాలి లోతు నీళ్లలో నాగమ్మ నడుం వంచి డెక్క కోస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"కొంచెం అట్ల జరుగమ్మా. డెక్క ఆడ వెయ్యల్ల."

మీరు దేవుడి ముందు నిలబడ్డప్పుడు నాగమ్మను ఒక్కసారి తలుచుకోండి.