క్యోటో గుడి మెట్టు మీద నా బూట్లు

ఉద్యోగం కోసం నేను ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఈ మాట ఇరవై ఏళ్ళుగా చెబుతున్నా వినేవాళ్ళు లేరు. మొన్న ఆదివారం డ్యూసెల్‌డార్ఫ్‌లో ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర, ఒకప్పుడు నాతోపాటే ఉద్యోగంలో చేరిన, నేను తమ్ముడని పిలిచే హైదరాబాదీ ఒకడు మళ్ళీ ఆ కథే ఎత్తుకుని, "అక్క క్యోటోల పెద్దసారు కాళ్ళు మొక్కింది, నౌకరీ పక్కా చేస్కుంది, గంతే" అని అందరినీ నవ్వించాడు గనక, జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఇక్కడి జపాన్ కంపెనీ ఆఫీసులో నా ప్రోబెట్సైట్, అంటే పనికొస్తానో లేదో చూసే ఆరు నెలల గడువు, ఇంకో పది రోజుల్లో తీరబోతోంది. మావారు జర్మనీలోనే తూర్పున కెమ్నిట్జ్ ఊళ్ళో ఇంకా చదువుతున్నారు, నా ఉద్యోగం పోతే వీసా, ఇల్లు అన్నీ పోయినట్టే. ఉంచడమా పంపడమా అన్నది మా సెక్షన్ పెద్దాయన చేతిలో ఉంది; జపానాయన, మా నాన్న వయసు, మాట తక్కువ. శిక్షణ కోసం నన్నూ తమ్ముడినీ ఒసాకా తీసుకెళ్ళినప్పుడు, శుక్రవారం మీటింగులో ఆయన వేసిన ప్లాను తప్పని అందరి ముందూ వాదించాను. నా నోరు ఊరుకోదు, ఏం చేయను! ఆదివారం క్యోటో చూపిస్తానని ఆయనే బయల్దేరదీసేసరికి, ఇది సాగనంపే మర్యాద కాబోలని తమ్ముడు గొణిగాడు, నాకూ అదే అనిపించింది.

తూర్పు కొండల కింద రాళ్ళు పరిచిన ఏటవాలు వీధులు, పాత చెక్క ఇళ్ళు, అడుగడుక్కీ టీ దుకాణం, మలుపుకొక గుడి. గుడిగుడికీ పాదరక్షలు విప్పాలి, నేనేమో జర్మనీ చలికి కొన్న, మోకాళ్ళ దాకా లేసులున్న బూట్లు వేసుకెళ్ళాను. నాలుగో గుడికి విసుగెత్తి, మన గుళ్ళ దగ్గర విడిచినట్టే ఒకటి ఇటూ ఒకటి అటూ వదిలేసి లోపలికి పోయాను. తిరిగొచ్చి చూస్తే ఆ పెద్దాయన చెక్క మెట్టు మీద మోకాళ్ళూని, నా బూట్లను బయటివైపుకు తిప్పి, జంటగా చేర్చి, లేసులు సర్దుతున్నారు. వాళ్ళకది మామూలు మర్యాదేనట. నాకు మాత్రం, తండ్రిలాంటి మనిషి చేత నా చెప్పులు ముట్టించానే అనిపించి, ఆయన లేచి నిలబడగానే ఆలోచించకుండా వంగి ఆయన పాదాలు తాకి కళ్ళకద్దుకున్నాను. ఆయన బెదిరిపోయి నాకంటే కిందికి వంగారు, నేను ఇంకా కిందికి వంగాను, మా పోటీ చూసి బడిపిల్లల గుంపొకటి కిసకిసలాడింది.

తరువాత టీ దుకాణంలో, తమ్ముడు ఫోటోలంటూ వీధిలో తిరుగుతుండగా, పెద్దాయన ఇంగ్లీషులో, నవ్వకుండా, "శుక్రవారం మీరు చెప్పిందే సరైనది. బూట్లు మాత్రం తిన్నగా విడవండి" అన్నారు. డ్యూసెల్‌డార్ఫ్ తిరిగొచ్చిన వారంలోనే ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చింది.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. కొత్తగా చేరే అమ్మాయిలు గడువు తీరకముందే నా తప్పులు నా మొహం మీదే చెప్పి, నిమ్మళంగా భోజనానికి పోతారు. మాకు వాదించాక నాలుగు రోజులు అన్నం సయించేది కాదు. వీళ్ళను చూస్తే అందుకే అంత సంతోషం, కాస్త అసూయ కూడాను. పెద్దాయన రిటైరై వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. ఏటా ఆయన దగ్గర్నుంచి కొత్త సంవత్సరం కార్డు వస్తుంది, నేనూ జవాబు రాస్తాను. ఎవరితోనైనా వాదించగలను గానీ, ఈ ఒక్కటీ ఆయన్ని అడగలేకపోయాను: నేను ఆ మెట్టు దగ్గర వంగకపోయినా, నా మాటే సరైనదని ఆయన అనేవారా?