నేల తాగిన రంగునీళ్లు

ఆ బావిని తలచుకుంటే ఇప్పటికీ నోట్లో ఉమ్మి మింగబుద్ధి కాదు.

మా ఊరు నగరిలో ఇంటింటికీ మరమగ్గాల చప్పుడే. మా ఆయన పోయాక నేను నూలుకు రంగు వేసి బతికాను. షావుకారు చిలపలుగా చుట్టిన నూలు కట్టలు పంపేవాడు. పెరట్లో అండాలో రంగు మరిగించి, ముంచి, జాడించి, ఆరేసి ఇచ్చేదాన్ని. మిగిలిన నీళ్లు మొదట్లో వీధి కాలువలో పోశాను. చీర కుచ్చిళ్లకు ఎరుపు అంటుతోందని ఆడవాళ్లు దుమ్మెత్తిపోశారు. అందుకని పెరట్లోనే నడుములోతు గుంత తవ్వించాను. సాయంత్రం ఎంత పోసినా తెల్లారేసరికి ఖాళీ. నేల తాగేసిందని మురిసిపోయాను. వీధిలో నా అంత శుభ్రమైన మనిషి లేదనుకున్నాను. గుంత పక్కనే మా మంచినీళ్ల బావి.

రెండేళ్లకు బావి నీళ్లు కంపు కొట్టాయి. కడవలో పైన జిడ్డు పొర. అన్నం చేదు. నా కూతురు ఒళ్లంతా గోక్కుని పుండ్లు చేసుకుంది. పక్కింటామె గోడ మీదుగా అడిగింది.

"ఏందక్కా, మీ బావిలో పిల్లి పడి సచ్చిందా?"

"మనిషిని దింపి సూసినా. ఏమీ లే."

ఆ రోజుల్లోనే బడిలో మీటింగని అందరినీ పిలిచారు. ఒక సారు బోర్డు మీద పర్యావరణం, కాలుష్యం అని రాశాడు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం. జీవవైవిధ్యమంటే రకరకాల ప్రాణులు కలిసి బతకడమని చెప్పాడు.

"మా ఇంట్లో దోమలు, నల్లులు, మా అత్త, అందరూ కలిసే బతకతా ఉండారు సార్," అన్నాడొకడు. అందరూ నవ్వారు.

తర్వాత సారు భూగర్భజలం అన్నాడు. నేల కింద నీళ్లు మట్టి సందుల్లో నడుస్తాయట. నేను లేచాను.

"పోసిన నీళ్లు నేల తాగెయ్యదా సారూ?"

"తాగదమ్మా. పక్కకు మోసుకుపోతుంది. దగ్గర్లో బావి ఉంటే అందులోకే."

ఇన్నాళ్లూ నేను పారబోసిన రంగునీళ్లనే తోడి, నా బిడ్డ చేత తాగించాను. బయటికొచ్చి గోడ పక్కన వాంతి చేసుకున్నాను.

మర్నాడే గుంత పూడ్చాను. షావుకారు వచ్చాడు.

"గుంత లేకుంటే నీళ్లు యాడ పోస్తావు?"

"పొయ్యను. నీ నూలు నువ్వు ఎత్తుకుపో."

"నువ్వు కాకుంటే ఇంకొకరు," అని మూట పక్కింట్లో దించాడు.

మూడో రోజు ఆ పెరట్లో గడ్డపార చప్పుడు. గోడ దగ్గరికి పోయి చూశాను.

"వద్దమ్మే, నీ బావీ చెడతాది, నాదీ బాగుపడదు. ఆ సారు చెప్పింది నువ్వూ వింటివి కదా!"

"ఆయన చెప్తాడులే అక్కా, నెలకు జీతమొస్తాది," అని ఆమె కూలివాడి వైపు తిరిగింది. "ఇంగా లోతుకు తవ్వబ్బా. అక్క గుంత లోతు సాలకనే నీళ్లు బావిలోకి పోయిండాయి."