భయాన్ని దాచుకోని మా రాయప్ప మావ

మా రాయప్ప మావ ప్రభువునందు విశ్రమించాడన్న వార్త నాకు టెక్కలిలో, నేను పాఠం చెప్పే కళాశాల వరండాలో అందింది. ఫోనులో అత్త గొంతు. "ఎల్లిపోనాడురా మీ మావ" అంది. ఆత్మీయుని మరణవార్త చెవిన పడినవాడికి మొదట దుఃఖం పొంగాలి. నేను ఉన్నమాటే రాస్తాను: నాకు మొదట వచ్చింది భయం. చెయ్యి నా ప్రమేయం లేకుండానే నడుము వెనక్కి, మూత్రపిండాలుండే చోటికి వెళ్లింది. ఆయన మా అమ్మకు తోడబుట్టిన తమ్ముడు. ఆ రక్తమే నాలోనూ పారుతోంది. దుఃఖం కాస్త ఆగి వచ్చింది. వచ్చింది ఇంకా పోలేదు.

పెద్దలను స్మరించేటప్పుడు ‘గారు’ అనడం మర్యాద. కానీ ఊహ తెలిసినప్పటి నుంచీ నువ్వు అని పిలిచినవాణ్ని చనిపోగానే మీరు అంటే పరాయివాణ్ని చేసినట్టుంటుంది. పాఠకులు మన్నించాలి.

వజ్రపుకొత్తూరు తీరంలో సముద్రానికీ కొబ్బరితోటలకూ మధ్య ఉంటుంది మా ఊరు. మావ ఆ ఊరికి పెద్ద, మా చర్చి గుడికి ఉపదేశి. ఫాదరు, అదే మా గురువుగారు, రాలేని ఆదివారాల్లో ప్రార్థన నడిపేవాడు, పిల్లలకు జపాలు నేర్పేవాడు, మిగతా రోజుల్లో అందరితో పాటు వల లాగేవాడు. ఊళ్లో గంగమ్మకు మొక్కే ఇళ్లున్నాయి, మరియమాతకు మొక్కే ఇళ్లున్నాయి. వాటా దగ్గరో గట్టు దగ్గరో తగవు వస్తే అందరూ చేరేది ఆయన అరుగు మీదికే. ఆయన తీర్పు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి, ఇద్దరూ విసుగెత్తి రాజీపడేదాకా వినేవాడు.

ఆయన వ్యక్తిత్వాన్ని ఒక్క మాటలో చెప్పమంటే ధైర్యవంతుడని చెప్పలేను. నేనెరిగిన మనుషుల్లో అంత బాహాటంగా భయపడే మనిషి మరొకడు లేడు. రాయప్ప అంటే పునీత పేతురు. ఆ పేరు తనకు సరిగ్గా అతికిందని నవ్వేవాడు. "నా పేరున్న పునీతుడే నీటిమీద నడుత్తూ దడుసుకోని మునిగిపోనాడు. నానెంతరా?" అనేవాడు.

నా చిన్నతనంలో పెద్ద తుపాను వచ్చిన సాయంకాలం ఊరంతా గుడిలో తలదాచుకుంది. ఒక్కటే పక్కా కప్పు అది. బయట కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పెళ్లగిలి పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పెద్ద కనుక ఏదో ధైర్యం చెబుతాడని అందరూ ఆయన వైపు చూశారు. ఆయన పీఠం ముందు నిలబడి, "నాకూ భయంగానే ఉంది. రండి, అందరం కలిసి భయపడదాం" అన్నాడు. గంగమ్మ భక్తులను మీ తల్లిని మీరు తలుచుకోండన్నాడు, మాచేత జపమాల మొదలుపెట్టించాడు. ఆ మాటతో ఏడుపులు తగ్గాయి. ఎందుకు తగ్గాయో అప్పుడు నాకు అర్థం కాలేదు.

గృహస్థుగా ఆయన సౌమ్యమూర్తి. అత్తకు ఒంట్లో బాగాలేని రోజున తానే పొయ్యి రాజేసి చేపల పులుసు పెట్టేవాడు. అందులో పులుపెక్కువ, పొగడ్తలు ఇంకా ఎక్కువ, ఆ పొగడ్తలూ ఆయనవే. సాయంత్రం కుటుంబ ప్రార్థన తప్పనిసరి. జపమాల మధ్యలో పిల్లలు కునికితే కోప్పడకుండా వాళ్ల వంతు తానే చెప్పేసేవాడు. "నిద్దర్లో ఉన్నోడి మీద దేవుడికి కోపమొత్తాదేటి" అనేవాడు. ఆ వెసులుబాటు వాడుకోవడంలో నేను అందరికంటే ముందుండేవాణ్ని.

మా ఊరున్న ఉద్దానం ప్రాంతమంటే బయటివాళ్లకు కొబ్బరి, జీడి, పనస తోటలు. మాకు మూత్రపిండాల జబ్బు. నీళ్ల వల్ల అని కొందరు, మందుల వల్ల అని కొందరు, ఎండలో చాకిరీ వల్ల అని మరికొందరు అంటారు. ఎందుకు వస్తోందో ఇదమిత్థమని తేల్చినవారు లేరు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మనిషి బాగానే తిరుగుతుంటాడు, ఒకనాడు కాళ్లు వాస్తాయి. మా ఊళ్లో ఎవరూ ఆ జబ్బును పేరు పెట్టి పిలవరు. ‘అది’ అంటారు. ‘అది’ ఉందని తెలిస్తే ఆ ఇంటి పిల్లకు సంబంధాలు రావని రక్తపరీక్షల బండి ఊళ్లోకి రాగానే జనం జీడితోటల్లోకి జారుకునేవారు.

అటువంటి రోజుల్లో ఒక ఆదివారం పూజ ముగిశాక ఆ బండి గుడి ముందు ఆగింది. ఎవరూ కదల్లేదు. మావ వెళ్లి కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి జనం వైపు చాపాడు. "నా సెయ్యి ఎలాగొణుకుతందో సూడండి. ఒణికినా ఇత్తన్నాను" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఒకరి వెనక ఒకరు లేచి వరసలో నిలబడ్డారు. ఒక పెద్ద తన వణుకును చూపించి ఊరిని కదిలించడం నేనక్కడే చూశాను.

ఫలితాలు వచ్చాయి. వరసలో నిలబడ్డవాళ్లలో చాలామందికి ఏమీ లేదు. మావకు ఉంది, అప్పటికే ముదిరిపోయింది. ఇక్కడే మా ఊరు ఒక పొరపాటు చేసింది. ఆ పొరపాటు మా వాళ్లు తప్ప మరొకరు చెయ్యరేమో. ఆ ముందురోజు దాకా వల లాగిన మనిషి సూది పొడిచిన కొన్నాళ్లకే కాళ్లు వాచి కూలబడ్డాడు. కనుక జబ్బును తెచ్చింది సూదే అని ఊరు తీర్మానించింది. నమ్మినవాళ్లలో మొదటి మనిషి మా అత్త. "బాగున్న మనిషిని పొడిసి పాడు సేసినారు. సూది మాటెత్తితే నా గుమ్మం తొక్కొద్దు" అని నాకే గట్టిగా చెప్పింది. తర్వాత బండి వస్తే తలుపులు మూసుకున్నాయి. ఆయన ఏ భయాన్ని పోగొడదామని చెయ్యి చాపాడో ఆ భయం ఆ చేతి వల్లనే రెట్టింపైంది.

జబ్బు కన్నా ఆయన్ను కుంగదీసింది ఇదే. వాచిన కాళ్లతో, చేతికర్రతో ఇంటింటికీ తిరిగాడు. "అది ముందే ఉండీది. సూది సెప్పింది, అంతే. కబురు తెచ్చినోడ్ని పట్టుకోని కొడతారేటి?" అని అడిగేవాడు. వాళ్లు గౌరవంగా మంచం వాల్చి, విని, తలూపి పంపించేవారు. ఒక్కరూ చెయ్యి చాపలేదు.

పలాస ఆస్పత్రికి డయాలసిస్‌కు వెళ్లేటప్పుడు సెలవు దొరికినప్పుడల్లా నేను తోడు వెళ్లేవాణ్ని. నీళ్లు కొలత ప్రకారం తాగాలి, ఉప్పు తగ్గించాలి, కొబ్బరినీళ్లు ముట్టకూడదు. "ఇటు సూత్తే నౌపడ ఉప్పుమడులు, అటు సూత్తే కొబ్బరితోట, నా కంచంలో సప్పిడి కూడు" అని నవ్వేవాడు. యంత్రం దగ్గరికి వెళ్లేసరికి ఆ నవ్వు ఆరిపోయేది. ప్రతిసారీ జపమాల పిడికిట్లో బిగించి, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ పడుకునేవాడు. అలవాటు కాలేదా మావా అంటే, భయానికి అలవాటుంటాదేటి అన్నాడు.

అలా తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో ఆయన నన్ను ఆ ఒక్కసారే అడిగాడు. "అల్లుడా, నువ్వు సూపించుకున్నావా?" లేదన్నాను. పిల్లల పరీక్షలయ్యాక చూపించుకుంటానన్నాను. "భయమేత్తందని సెప్పు. పరీచ్చలని సెప్పకు. భయమంటే నానూ నీ పక్కన కూకుంటాను" అన్నాడు. నేను ఆటోవాణ్ని కాస్త తొందరగా పోనిమ్మన్నాను. ఆయన మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

అవసానకాలంలో గురువుగారు వచ్చి నుదుట పవిత్ర తైలం రాసి అభ్యంగనం చేసి, దివ్యసత్ప్రసాదపు అప్పం ఇచ్చారు. నేను అక్కడే ఉన్నాను. మావ హీనస్వరంతో, "సావంటే భయమేత్తంది ఫాదరు. ఇశ్వాసం లేనట్టా?" అని అడిగాడు. ప్రభువు కూడా సిలువకు ముందురాత్రి ఒలీవల తోటలో వణికిపోయాడు, రాయప్పా, అన్నారు గురువుగారు. అది విన్నాక ఆయన అత్త చెయ్యి పట్టుకుని పడుకున్నాడు. మర్నాడు నన్ను తరగతులున్నాయి కదా వెళ్లమని పంపాడు. నేను వెళ్లాను, ఆయన వెళ్లిపోయాడు.

సముద్రం హోరు వినిపించే సమాధుల తోటలో ఆయన్ను భూస్థాపితం చేశాం. గంగమ్మ భక్తులే పెట్టె మోశారు. ఆయన పోయిన నెలకు జరిగిన పూజ నాడు గురువుగారు ఆ పరీక్షల బండిని మళ్లీ పిలిపించారు. పూజయ్యాక గుడి ముందు కుర్చీ వేశారు. ఊరంతా దూరంగా నిలబడి చూస్తోంది. చూస్తోంది కుర్చీని కాదు, నన్ను. మేనల్లుణ్ని, చదువుకున్నవాణ్ని. వెళ్లి కూర్చున్నాను. నా చెయ్యి ఎంత వణికిందంటే ఆ నర్సమ్మ సూది దించి, కాసేపు ఆగుదామంది.

అప్పుడు ఆడవాళ్లలోంచి అత్త లేచి వచ్చింది. సూది మాటెత్తితే గుమ్మం తొక్కొద్దన్న మా అత్త. నా పక్కన కింద కూర్చుని నా మోచెయ్యి పట్టుకుంది. "భయమేత్తందేటిరా?" అంది. ఔనన్నాను. "ఉంటాది. సాపు" అంది. రక్తం తీశారు. నువ్వూ ఇవ్వు అత్తా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నాకింకా దడగానే ఉంది. ముందు నీ పలితం రానీ" అంది. వెనక నిలబడ్డవాళ్లందరూ అదే మాట అన్నట్టు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ తోటల్లోకి పోలేదు, ఎవరూ ముందుకూ రాలేదు.

ఇది రాసే సమయానికి నా ఫలితం ఇంకా రాలేదు. బాగుందని వస్తే అత్త చెయ్యి చాపుతుంది, అత్త చాపితే ఊరు చాపుతుంది. బాగాలేదని వస్తే సూదే జబ్బు తెచ్చిందన్న మాట మళ్లీ లేస్తుంది, తలుపులు మూసుకుంటాయి, అప్పుడు నేనూ ఇంటింటికీ తిరిగి చెప్పాల్సి వస్తుంది. ఎలా తిరగాలో ఒక పుణ్యాత్ముడు చేసి చూపించాడు. ఆయన పక్కన నడిచిన నాకు తెలుసు అదెంత కష్టమో.

ధైర్యం చెప్పే పెద్దలు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. మన భయాన్ని చిన్నబుచ్చకుండా, తన భయం తెచ్చుకుని పక్కన కూర్చునే పెద్ద మా ఊరికి ఒక్కడే ఉండేవాడు. ఆ లోటు పూడేది కాదు. ఆ ధన్యజీవికి నా అశ్రునివాళి.

మావా, పిల్లల పరీక్షలు లేవు, ఏమీ లేవు. నాకు భయంగా ఉంది.