ముందు బంతా, ముందు డిగ్రీనా

మా అమ్మాయి ఒళ్ళు విరుచుకునే ముందు ఎవరో ఒకరం ఫ్యాన్ ఆపాలి. పదిహేడేళ్ళకే ఆరడుగులు దాటేసింది. నేను ఐదడుగుల మనిషిని, మా ఆయన నాకంటే జానెడు ఎక్కువ. ఈ పొడుగు ఎవరి వైపు నుంచి వచ్చిందని రెండు కుటుంబాలవాళ్ళూ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో మేం కొన్న ఇంటి ముందు పాతవాళ్ళు వదిలేసి వెళ్ళిన బాస్కెట్‌బాల్ హూప్ ఒకటి ఉంది. మా అమ్మాయి ఆ హూప్ కిందే పెరిగింది.

హైస్కూల్ ఆఖరి ఏడాదిలో ఒకే వారం రెండు కబుర్లు వచ్చాయి. కారులో నాలుగు గంటల దూరంలో ఉన్న ఒక కాలేజీ తమ జట్టులో చేరమంది, చదువంతా ఉచితం. పోర్చుగల్‌లో ఒక చిన్న ఊరి క్లబ్బేమో కాలేజీ గీలేజీ లేకుండా నేరుగా వచ్చి జీతానికి ఆడమంది. వేసవి క్యాంపులో దీని ఆట చూసిన కోచ్ ఒకాయన ఆ క్లబ్బులో చేరాడట.

నాకూ మా ఆయనకూ రెండేసి డిగ్రీలున్నాయి. కాబట్టి మా ఇంట్లో దీనికి చర్చే ఉండదనుకున్నాను. ముందు డిగ్రీ, తర్వాత ఏదైనా అని పప్పుకు పోపు పెడుతూ తేల్చేశాను. మా ఆయన గరాజ్‌లోకి వెళ్ళారు. కాసేపటికి అక్కడ ఏదో చప్పుడైతే తలుపు తీసి చూశాను. చెత్తడబ్బాల మధ్య ఒక్కరే డాన్స్ చేస్తున్నారు.

నన్ను చూసి కూడా ఆపలేదు. "మనం పుట్టినప్పట్నుంచీ ముందు డిగ్రీ, ముందు డిగ్రీ అనే విన్నాం కదా. మన పిల్లని బంతాట ఆడితే జీతమిస్తాం రమ్మంటున్నారు. మన రెండు వైపులా ఇలా ఎవరినైనా పిలిచారా?"

మర్నాటి నుంచి ఫోన్‌లో పోర్చుగీసు పాఠాలు మొదలయ్యాయి. పొద్దున్నే రైస్ కుక్కర్‌కి "బోం దియా" అని గుడ్ మార్నింగ్ చెప్పేవారు. ఇండియన్ స్టోర్‌లో కొత్తిమీర కొని, బిల్లు కొట్టే అబ్బాయికి థాంక్స్‌కి బదులు "ఓబ్రిగాదు" చెప్పారు. ఆ అబ్బాయి అది తమిళమనుకున్నాడు.

ఆ శనివారం స్నేహితుల ఇంట్లో పుట్టినరోజు పార్టీకి వెళ్తే విషయం బయటపడింది. కేక్ కోయడం అందరూ మరిచిపోయారు. విచిత్రమేమిటంటే, తమ పిల్లలకి బి ప్లస్ వస్తే అన్నం సహించని అంకుల్స్ అంతా పోర్చుగల్ వైపు తిరిగారు. ఆంటీలు మాత్రం నా వైపే. వాళ్ళలో ఎముకల డాక్టరు ఒకావిడ ఉంది. మోకాలు ఏ రోజైనా పోవచ్చు, డిగ్రీ పోదు అందావిడ. వెంటనే వాళ్ళాయన, డిగ్రీ యాభై ఏళ్ళకైనా చదవచ్చు, పద్దెనిమిదేళ్ళ మోకాలు యాభైకి రమ్మంటే వస్తుందా అన్నాడు. ఆ మాటకి మగవాళ్ళు చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి అదంతా ఎవరి గొడవో అన్నట్టు గోడకానుకుని మళ్ళీ మళ్ళీ పులిహోర పెట్టించుకుంది.

తర్వాతి వారం కాలేజీ కోచ్ మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయికంటే పొడుగామె. గుమ్మానికి కట్టిన తోరణం తగలకుండా వంగి లోపలికి వచ్చింది. కాలేజీ గొప్పతనం చెబుతుందని నేను సంతోషంగా టీ ఇస్తే, మా ఆయన మధ్యలో అడ్డుపడి, చదువు సగంలో ఉండగా ఏదైనా క్లబ్బు పిలిస్తే మా పిల్లని ఆపేస్తారా అని అడిగారు. ఆపనంది. అలాంటి పిల్లల్ని తనే ఎయిర్‌పోర్ట్‌లో దింపి వచ్చిందట. తను మాత్రం నాలుగేళ్ళూ చదివాకే క్లబ్బులో ఆడటానికి వెళ్ళిందట. ఏది మంచిదని అడిగితే, ఎవరి కాళ్ళకి ఏ చెప్పులు సరిపోతాయో వాళ్ళకే తెలుస్తుందన్నట్టు చెప్పింది. ఆమె నా వైపో మా ఆయన వైపో ఆమె వెళ్ళాక కూడా మాకు తేలలేదు.

అప్పుడు గానీ మాకు తోచలేదు, అసలు పిల్లని ఎవరూ అడగనే లేదని. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి అడిగాం.

"అమ్మా, నాకు ఆడటం కావాలి. చదువు కూడా ఓకే," అంది. తన అమెరికా యాసలో ఇంకా వివరించింది. "బట్ అక్కడ లూజ్ అయితే అది జాబ్. ఇక్కడ లూజ్ అయితే నేను ఫ్రెండ్స్‌తో బస్‌లో ఏడుస్తాను, నెక్స్ట్ డే క్లాస్‌కి వెళ్తాను. నాకు ఇంకా కొంచెం అలా కావాలి. అప్పుడే జాబ్ వద్దు నాన్నా."

మా ఆయన ముఖం చిన్నబోతుందేమోనని చూశాను. ఆయన లేచి, తనూ లేచి నిలబడ్డ పిల్ల తల అందక భుజం తట్టి, "సరే, పోర్చుగల్‌కి మీ అమ్మని తీసుకెళ్తాలే" అన్నారు. ఇద్దరూ పకపకా నవ్వారు. నేను గెలిచానని నాకు గుర్తు రావడానికి కాసేపు పట్టింది.

కాలేజీలో దాని మొదటి హోమ్ మ్యాచ్‌కి వెళ్ళాం. ఆట సగం దాటాక కోర్టులోకి పంపారు. చేతికొచ్చిన మొదటి బంతిని ఎదుటి జట్టు అమ్మాయికే అందించింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చి, ఆ ఎదుటి జట్టు అమ్మాయి వేసిన బంతిని గాల్లోనే కొట్టేసింది. మరుక్షణం అటు చివరనున్న బుట్టలో వేసింది. గుళ్ళో కూడా గట్టిగా మాట్లాడని నేను కుర్చీ ఎక్కి అరిచాను. నా పాప్‌కార్న్ అంతా ముందు వరుసలో ఉన్న పెద్దాయన టోపీ మీద పడింది. ఆయన దులుపుకోకుండానే నాతో కలిసి అరిచాడు.

టైమవుట్ అని ఆట కాసేపు ఆపినప్పుడు మా ఆయన చెవిలో అన్నాను.

"ఏమండీ, నాలుగేళ్ళు అక్కర్లేదేమో. రెండేళ్ళు చాలేమో."

"మరి డిగ్రీ?"

"ఆన్‌లైన్‌లో చేసుకుంటుంది లెండి."

ఆయన నవ్వు ఆపుకోలేక కుర్చీలో వెనక్కి వాలిపోయారు. పక్కవాళ్ళు ఏమైందని కంగారుపడ్డారు.

ఆ రోజు వాళ్ళ జట్టు ఓడిపోయింది. మా అమ్మాయి చెమటతోనే వచ్చి మమ్మల్ని కావలించుకుని, ఆకలేస్తోంది వెళ్తున్నానని జట్టు వెంట పరుగెత్తింది. మేమిద్దరం బయటికొచ్చాక కారు ఎక్కడ పెట్టామో ఇద్దరికీ గుర్తు రాలేదు. ఆ చలిలో వరస తర్వాత వరస వెతుక్కుంటూ, ఆ బంతి ఎలా కొట్టిందో ఒకరికొకరు చేతులతో చూపించుకుంటూ తిరిగాం.